బలిపీఠానికి పూసిన రక్తం, అరణ్యానికి పంపిన మేక: లేవీయకాండపు బలులకూ సిలువకూ ఉన్న సంబంధం

బైబిలు పాత నిబంధనలో బలుల విధులు చెప్పే లేవీయకాండానికీ యేసు సిలువ మరణానికీ సంబంధమేమిటని మీరు అడిగారు. ఆ ప్రశ్న ఒకటిగా కనిపించినా అందులో మూడు ఉన్నాయి. ఇశ్రాయేలీయుడు మేకను తెచ్చి దాని తలమీద చెయ్యి ఉంచినప్పుడు, అతడికి పడవలసిన మరణశిక్ష ఆ మేకకు పడిందా అన్నది మొదటిది. అదే నిజమైతే సిలువ మీద యేసుకు జరిగింది కూడా అలాంటి శిక్షేనా, క్షమించగల దేవుడికి రక్తంతో పనేమిటి అన్నది రెండోది. ఆలయమూ బలిపీఠమూ లేని యూదులు ఇన్ని శతాబ్దాలుగా క్షమాపణను ఎలా అర్థం చేసుకుంటున్నారన్నది మూడోది. వేదాంత కళాశాలలో పాత నిబంధనను చాలా ఏళ్లు బోధించినవాడిని. లేవీయకాండం మొదలుపెట్టిన వారంలోనే ఈ మూడూ తరగతిలో లేచేవి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. లేవీయకాండంలో బలిపీఠం దగ్గర జరిగేది ప్రధానంగా శిక్ష కాదు, శుద్ధి. ఒకరి పాపం మరొకదాని మీదికి వెళ్లడమనే ఆలోచన ఆ గ్రంథంలో ఉంది గానీ, అది స్పష్టంగా కనిపించేది వధించిన జంతువు మీద కాదు, ప్రాణంతో వదిలేసిన జంతువు మీద. క్రైస్తవ విశ్వాసం ఈ రెండింటినీ, వీటితో పాటు పాపపరిహారంతో నేరుగా సంబంధం లేని పస్కానూ (ఐగుప్తు దాస్యం నుంచి విడుదలను స్మరించే పండుగ) నిబంధన రక్తాన్నీ కూడా ఒకే వ్యక్తి దగ్గరికి చేర్చింది. ఆ చేర్పును గమనించకుండా ఏదో ఒక్క బలిని పట్టుకుని సిలువకు అదే ఛాయ అంటే లెక్క కుదరదు.

తెలుగు పాఠకులకు మాటల దగ్గరే ఒక చిక్కు ఎదురవుతుంది. బలి అనగానే మన కళ్లకు కట్టేది గ్రామదేవత జాతర: వేపమండలు, పసుపునీళ్లు చల్లగానే మేకపోతు ఒళ్లు విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నదన్న నమ్మకం, ఒక్క వేటుకు తెగిపడే తల. అక్కడ ఆ వేటే కేంద్రం. ప్రాయశ్చిత్తం అనే మాట ధర్మశాస్త్రాల నుంచి వచ్చింది. కృచ్ఛ్రమైనా చాంద్రాయణమైనా పాపం చేసినవాడే ఉపవాసాలుండి, కష్టపడి తీర్చుకోవాలి. మన బైబిలు అనువాదకులు హీబ్రూలోని 'కిప్పేర్' అనే క్రియకు ఈ మాటనే వాడారు. వారికి అందుబాటులో ఉన్నవాటిలో అది మంచి మాటే. అయితే లేవీయకాండంలో ఆ క్రియకు కర్త పాపి కాదు, యాజకుడు, అంటే బలులు నడిపే పూజారి. యాజకుడు అతని కోసం ప్రాయశ్చిత్తం చేస్తాడు, అతనికి క్షమాపణ కలుగుతుంది అని నాలుగో అధ్యాయం పల్లవిలా మళ్లీ మళ్లీ చెబుతుంది. క్షమించేవాడు దేవుడు, క్రియ చేసేవాడు యాజకుడు, పాపి జంతువును తెచ్చి నిలబడినవాడు. ఈ వ్యాకరణం మనసులో పెట్టుకోకపోతే ముందుకు వెళ్లేకొద్దీ దారి తప్పుతాం.

'కిప్పేర్' అంటే కప్పడమని సంఘాల్లో తరచుగా వింటాం. కిప్పేర్, కప్పు అనే మాటల ధ్వని దగ్గరగా ఉండడం వల్ల తెలుగులో ఆ వివరణ మరింత బాగా అతుక్కుంది. కానీ రెండు భాషలకూ సంబంధం లేదు, అది కేవలం కాకతాళీయం. కప్పడమనే అర్థాన్ని సమర్థించే పండితులు లేకపోలేదు. అయితే హీబ్రూకు సోదర భాష అయిన ప్రాచీన అక్కాదులో 'కుప్పురు' అంటే తుడవడం, శుద్ధి చేయడం. హీబ్రూలోనే 'కోఫెర్' అంటే ప్రాణానికి బదులుగా చెల్లించే క్రయధనం. ఆచారవిధుల్లో తుడిచి శుద్ధి చేయడమనే అర్థమే ఎక్కువచోట్ల సరిపోతుంది. ఎందుకో చెప్పాలంటే ఒక బలిని దగ్గరగా చూడాలి.

లేవీయకాండం మొదటి ఏడు అధ్యాయాల్లో దహనబలి, నైవేద్యం, సమాధానబలి, పాపపరిహారార్థబలి, అపరాధపరిహారార్థబలి అని అయిదు రకాలున్నాయి. వీటిలో నైవేద్యం పిండితో చేసేది, అందులో జంతువే లేదు. సామాన్యుడు తెలియక పాపం చేసి పాపపరిహారార్థబలి తెచ్చాడనుకోండి. ఏ లోపమూ లేని ఆడ మేకను తోలుకొస్తాడు. దాని తలమీద చెయ్యి ఉంచుతాడు. తర్వాత దానిని వధించేది ఎవరనుకుంటున్నారు? యాజకుడని నా విద్యార్థుల్లో చాలామంది అనేవారు. కాదు, తెచ్చినవాడే. యాజకుడి పని రక్తం పట్టడంతో మొదలవుతుంది. అతడు ఆ రక్తంలో వేలు ముంచి బలిపీఠపు నాలుగు కొమ్ములకు పూస్తాడు, మిగిలినదంతా పీఠం అడుగున పోస్తాడు, కొవ్వు తీసి పీఠం మీద కాలుస్తాడు. మాంసాన్ని యాజకులు గుడారపు (దేవుడి నివాసంగా ఇశ్రాయేలీయులు వేసుకున్న గుడారం) ఆవరణంలోనే, పరిశుద్ధమైన చోట తినాలి. మట్టికుండలో వండితే ఆ కుండను పగలగొట్టాలి. ఇత్తడి పాత్రలో వండితే తోమి నీళ్లతో కడగాలి.

ఈ కుండ దగ్గర కాస్త ఆగండి. పాపి పాపమంతా ఆ మేకలోకి దిగిపోయి, అది పాపభారంతో శిక్షగా చచ్చి ఉంటే, దాని మాంసం అపవిత్రం కావాలి. గ్రంథం చెప్పేది దానికి ఎదురు: ఆ మాంసం అతిపరిశుద్ధం, దానికి తగిలినది కూడా పరిశుద్ధమవుతుంది, అందుకే కుండను మామూలు వంటకు తిరిగి వాడకూడదు. పైగా తలమీద చెయ్యి ఉంచడం సమాధానబలిలో కూడా ఉంది. కృతజ్ఞతతోనో మొక్కు తీర్చుకోవడానికో తెచ్చి ఇంటిల్లిపాదీ కూర్చుని తినే బలి అది. అక్కడ దించవలసిన పాపం ఏదీ లేదు. కాబట్టి ఒక చెయ్యి ఉంచడమంటే పాపాన్ని దించడమని కాక, ఇది నాది, నా పేరు మీద అర్పిస్తున్నాను అని చూపడమని తీసుకోవడమే సబబు.

రక్తం ఎక్కడికి వెళ్లిందో కూడా చూడండి. పాపి ఒంటి మీదికి ఒక్క చుక్క వెళ్లలేదు, అంతా బలిపీఠానికే వెళ్లింది. అమెరికన్ యూదు పండితుడు జేకబ్ మిల్‌గ్రోమ్ (1923–2010) జీవితమంతా ఈ చిన్న విషయాన్ని పట్టుకుని లేవీయకాండాన్ని చదివే తీరునే మార్చేశాడు. ప్రజల పాపాలూ అశుద్ధతా గాలిలో పొగలా వెళ్లి దేవుడి నివాసాన్ని మసిబారుస్తాయి, ఆ మసి పేరుకుంటే దేవుడు అక్కడ ఉండడు, రక్తం ఆ మసిని కడిగే ద్రవ్యం అని ఆయన వాదం సారాంశం. అందుకే 'హత్తాత్' అనే ఆ బలిని పాపబలి అనడం కంటే శుద్ధిబలి అనడం మేలని ఆయన అన్నాడు. దానికి బలమైన సాక్ష్యం పన్నెండో అధ్యాయంలో ఉంది: ప్రసవించిన స్త్రీ కూడా ఇదే బలి తేవాలి. బిడ్డను కనడం పాపం కాదు కదా! యేసు పుట్టాక మరియ తెచ్చిన రెండు పక్షుల్లో ఒకటి ఈ బలే; రెండోది దహనబలి. గొర్రెపిల్లను కొనలేని పేదలకిచ్చిన వెసులుబాటు అది. మిల్‌గ్రోమ్ చెప్పిన ప్రతిదీ అందరూ ఒప్పుకోలేదు. రక్తం మనుషులను కూడా శుద్ధి చేస్తుందని ఆయనతో విభేదించినవారున్నారు, నాకూ కొన్నిచోట్ల ఆయన లెక్క మరీ బిగుతుగా అనిపిస్తుంది. కానీ బలిపీఠాన్ని ఉరికంబంగా చూసే అలవాటు ఆయన్ని చదివాక నిలవదు.

ఇంతకీ రక్తమే ఎందుకు? లేవీయకాండం 17:11 దీనికి నేరుగా జవాబిస్తుంది: దేహానికి ప్రాణం రక్తంలో ఉంది, ప్రాణాన్ని బట్టే అది ప్రాయశ్చిత్తం చేస్తుంది. రక్తం ఇక్కడ చావుకు గుర్తు కాదు, ప్రాణానికి గుర్తు. చావు వల్ల, పాపం వల్ల కలిగే మాలిన్యాన్ని ప్రాణమే కడగగలదన్నది దాని తర్కం. ఆ వచనంలోనే ఇంకొక మాట ఉంది, దాన్ని మనం త్వరగా దాటిపోతాం: బలిపీఠం మీద పోయడానికి దానిని మీకు ఇచ్చాను అని దేవుడు అంటున్నాడు. ఇచ్చేవాడు ఆయన. జాతరలో మనిషి ఇచ్చి దేవతను శాంతింపజేస్తాడు. ఇక్కడ శుద్ధి సాధనాన్ని దేవుడే మనిషి చేతిలో పెడుతున్నాడు. ఎద్దుల మాంసం తింటానా, మేకల రక్తం తాగుతానా అని 50వ కీర్తనలో ఆయనే ఎదురు ప్రశ్నిస్తాడు.

ఇక రక్తం లేకుండా క్షమాపణే లేదా? అయిదో అధ్యాయం చూడండి. గొర్రెకు గతిలేనివాడు రెండు గువ్వలు తేవచ్చు. అదీ లేనివాడు ఏఫాలో పదోవంతు, అంటే దాదాపు రెండు లీటర్ల గోధుమపిండి తేవచ్చు, దాని మీద నూనె పోయకూడదు, సాంబ్రాణి వేయకూడదు. అతనికీ క్షమాపణ కలుగుతుందని అదే పల్లవి వినిపిస్తుంది. హెబ్రీయులకు రాసిన పత్రికలో రక్తం చిందించకుండా క్షమాపణ కలగదన్న 9:22ను ఎదురుగా పెట్టి, బైబిలు తనను తానే ఖండించుకుంటోందని కొందరు వాదిస్తారు. ఆ వచనంలో గ్రీకు మూలంలో 'దాదాపు' అనే అర్థమిచ్చే మాట ఒకటుంది. మన పాత తెలుగు అనువాదం దాన్ని వదిలేయలేదు, 'సామాన్యముగా చెప్పవచ్చును' అని ముగించింది. ప్రసంగాల్లో మాత్రం ఆ చివరి ముక్క రాలిపోతుంది. పత్రిక రాసినవారికి ఆ పిండి సంగతి తెలుసనే నేను అనుకుంటాను.

ఈ బలులు అన్ని పాపాలకూ పనిచేయలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. నాలుగో అధ్యాయం మాట్లాడేది పొరబాటున చేసిన పాపాల గురించి. తెగించి, హీబ్రూ నుడికారంలో చెయ్యెత్తి, చేసిన పాపానికి బలి లేదని, అలాంటివాడిని జనంలోంచి కొట్టివేయాలని సంఖ్యాకాండం 15వ అధ్యాయం అంటుంది. ఇతరుల సొమ్ము కాజేసి అబద్ధప్రమాణం చేసినవాడికి అపరాధపరిహారార్థబలి ఉంది గానీ, ముందు అసలు సొమ్ముకు అయిదోవంతు కలిపి సొంతదారుకు తిరిగివ్వాలి, ఆ తర్వాతే పొట్టేలు. అర్పణను బలిపీఠం ముందు విడిచి మొదట వెళ్లి సహోదరుడితో సమాధానపడమని యేసు చెప్పినప్పుడు ఆయన కొత్త నియమం పెట్టడం లేదు, ఈ క్రమాన్నే గుర్తుచేస్తున్నాడు. బత్షెబతో వ్యభిచరించి ఆమె భర్తను చంపించినందుకు నాతాను ప్రవక్త వచ్చి నిలదీశాక దావీదు రాజు పాడినట్టు శీర్షిక ఉన్న 51వ కీర్తనలో, నీవు బలిని కోరేవాడివి కావు, కోరితే అర్పిస్తాను అన్న మాట ఉంది. వ్యభిచారానికీ హత్యకూ ధర్మశాస్త్రంలో బలి లేదు; విరిగి నలిగిన హృదయం తప్ప తేవడానికి అతని చేతిలో ఏమీ లేదు.

ఇప్పుడు అసలు ఘట్టానికి వద్దాం. ఏడో నెల పదో రోజు, యోం కిప్పూర్, మన అనువాదంలో ప్రాయశ్చిత్తార్థ దినం. ప్రధానయాజకుడు బంగారు అలంకారాలున్న వస్త్రాలు తీసేసి, స్నానం చేసి, సాదా నారబట్టలు కట్టుకుంటాడు. తనకోసం ఒక కోడె, ప్రజలకోసం రెండు మేకలు. రెండు మేకల మీద చీట్లు వేస్తారు: ఒకటి యెహోవాకు, మరొకటి హీబ్రూలో 'అజాజేల్'కు, మన తెలుగులో అది 'విడిచిపెట్టే మేక' అయింది. ధూపపు పొగ కమ్మిన అతిపరిశుద్ధస్థలంలోకి అతడు వెళ్లి, ఆజ్ఞల పలకలున్న మందసమనే పెట్టెకు మూతైన కరుణాపీఠం మీదా దాని ముందూ కోడె రక్తాన్ని, తర్వాత మొదటి మేక రక్తాన్ని వేలితో ప్రోక్షిస్తాడు. అక్కడి నుంచి బయటికి వస్తూ గుడారాన్ని, బలిపీఠాన్ని శుద్ధి చేస్తాడు. ఏడాదిపాటు పేరుకున్న మసి లోపలి నుంచి బయటికి తుడుచుకుంటూ వచ్చినట్టన్నమాట.

అదంతా ముగిశాక రెండో మేకను తెస్తారు. ఇక్కడ ఒక చెయ్యి కాదు, రెండు చేతులూ దాని తలమీద ఉంచుతాడు. నోటితో ఇశ్రాయేలీయుల దోషాలన్నీ, తిరుగుబాట్లన్నీ ఒప్పుకుని, వాటిని మేక తలమీద మోపుతాడు. పాపం జంతువు మీదికి వెళ్లడమనేది లేవీయకాండంలో ఇంత బాహాటంగా చెప్పింది ఇక్కడ ఒక్కచోటే. అప్పుడు దాన్ని వధిస్తారా? లేదు. ఒక మనిషికిచ్చి అరణ్యానికి పంపేస్తారు. పాపాలన్నీ మోసుకుంటూ అది నిర్జనదేశానికి పోతుంది; తోలుకెళ్లినవాడు బట్టలు ఉతుక్కుని స్నానం చేసి గానీ పాళెంలోకి రాకూడదు. అంటే, రక్తం చిందిన మేక పాపం మోయలేదు, పాపం మోసిన మేక రక్తం చిందించలేదు. ఈ ఒక్క వాక్యాన్ని విద్యార్థులచేత నోటుపుస్తకంలో రాయించేవాణ్ని. న్యాయంగా ఇంకొకటి కూడా చెప్పాలి: మొదటి మేక కళేబరాన్ని పాళెం బయట కాల్చినవాడు కూడా స్నానం చేయాలన్న నియమం ఉంది, కాబట్టి అది మాలిన్యాన్ని పీల్చుకుందన్న వాదనకు చోటుంది. కానీ శిక్ష అనే మాట అక్కడా లేదు.

రెండో ఆలయకాలపు ఆచారాన్ని చెప్పే మిష్నా (యూదు రబ్బీల బోధల తొలి సంకలనం) ప్రకారం ఆ మేకను కొండకొమ్ము మీదికి తీసుకెళ్లి, ఎర్రని ఉన్నిదారాన్ని సగం బండకూ సగం కొమ్ముల మధ్యా కట్టి, వెనక్కి తోసేవారు. ఆ ఎర్రదారం తెల్లబడడం క్షమాపణకు గుర్తని, ఆలయం కూలడానికి ముందు నలభై ఏళ్లూ అది తెల్లబడలేదని, మిష్నా మీద రబ్బీల చర్చలను కూర్చిన తల్మూదులో ఉంది. ఆలయం కూలిన క్రీ.శ. 70లోంచి నలభై తీసి సిలువ సంవత్సరానికి ముడిపెట్టడం మన వక్తలకు చాలా ఇష్టం. తల్మూదులో ఆ మాట ఉన్నది నిజమే; కానీ దీపం ఆరిపోవడం, తలుపులు తమంతట తెరుచుకోవడం లాంటి వాటితో కలిపి ఆలయ నాశనానికి సూచనలుగా దాన్ని చెప్పారు తప్ప యేసు ప్రస్తావన అందులో లేదు. ఆ బరువు మోయగల సాక్ష్యం కాదది.

కొత్త నిబంధనలోకి వస్తే, మొట్టమొదటి క్రైస్తవులు ఈ ఆచారాలను పుస్తకంలో చదివినవారు కాదు, కళ్లతో చూస్తూ పెరిగినవారు. యేసు మరణానికి అర్థం చెప్పుకోవలసి వచ్చినప్పుడు వారు తమకు తెలిసిన ప్రతి చిత్రాన్నీ వాడారు. 'ఇదిగో లోకపాపమును మోసికొనిపోవు దేవుని గొఱ్ఱెపిల్ల' అన్న బాప్తిస్మమిచ్చు యోహాను మాట చూడండి. మోసుకుపోవడం విడిచిపెట్టే మేక పని. గొర్రెపిల్ల పస్కాది, లేదా ఆలయంలో ఉదయం సాయంత్రం తప్పక అర్పించే నిత్యదహనబలిది, లేదా యెషయా ప్రవక్త గ్రంథం 53లో వధకు తేబడినది. ఏ గొర్రెపిల్లా పాపాన్ని మోసుకుపోలేదు. ఆ ఒక్క వాక్యంలో రెండు మూడు ఆచారాలు కలిసిపోయాయి; ఇది పొరబాటు కాదు, ఆ కలయికే ఆ వాక్యం చెప్పదలచుకున్నది.

పస్కా పాపపరిహారబలి కాదు. ఐగుప్తులో ద్వారబంధాలకు రక్తం పూసింది సంహారకుడు దాటిపోవడానికి, ఆ రాత్రి తిన్నది విడుదల పొందబోయేవారి భోజనం. దానికీ క్షమాపణకూ నిర్గమకాండం 12 ఏ ముడీ వేయదు. అయినా మన పస్కా పశువు క్రీస్తే అని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాశాడు. యోహాను సువార్త ఆయన మరణాన్ని పస్కాను సిద్ధపరచే దినాన పెట్టి, ఎముక విరవకూడదన్న పస్కా నియమాన్ని సిలువ దగ్గర గుర్తుచేస్తుంది. ఇక్కడి చిత్రం విడుదల. బానిసను విడిపించడం, నేరస్థుడిని క్షమించడం కాదు. చివరి రాత్రి యేసు గిన్నె ఎత్తి నిబంధన రక్తమన్నప్పుడు ఆ మాటల వెనక నిర్గమకాండం 24 ఉంది: మోషే సగం రక్తాన్ని బలిపీఠం మీదా సగం ప్రజల మీదా చల్లుతాడు, తర్వాత పెద్దలు కొండెక్కి దేవుణ్ని చూచి తిని తాగుతారు. మత్తయి మాత్రం ఆ గిన్నె మాటకు 'పాపక్షమాపణ నిమిత్తము' అని చేర్చి రెండు చిత్రాలను కలిపేశాడు. మనం ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం పంచుకుంటూ చేసేది ఆచారరీత్యా పాపపరిహారార్థబలి కంటే సమాధానబలి భోజనానికే దగ్గర. పాపపరిహారార్థబలిని తెచ్చినవాడు దాని మాంసం ఎప్పుడూ తినలేదు.

పౌలు రోమీయులకు రాసిన పత్రిక 3:25లో గ్రీకులో 'హిలాస్తేరియోన్' అనే మాట వాడాడు. హీబ్రూ లేఖనాల పాత గ్రీకు అనువాదంలో కరుణాపీఠానికి వాడిన మాట అదే. మన తెలుగు అనువాదకులు హెబ్రీయులకు రాసిన పత్రికలో దాన్ని కరుణాపీఠమనీ ఇక్కడ కరుణాధారమనీ రాశారు. మాట కాస్త మారినా కరుణ నిలవడంతో బంధుత్వం తెగిపోలేదు. మరొక సంగతి: పౌలు కాలానికి ఆలయపు అతిపరిశుద్ధస్థలంలో కరుణాపీఠం లేదు. క్రీ.పూ. 586లో బబులోనువారు మొదటి ఆలయాన్ని కాల్చేశాక మందసం జాడలేదు. రెండో ఆలయంలో ప్రధానయాజకుడు నేల మీద ఉన్న ఒక రాయి దగ్గర రక్తం చల్లేవాడని మిష్నా అంటుంది. ఆరు వందల ఏళ్లకు పైగా లేని ఆ పీఠాన్ని, తెర వెనక కాదు, బహిరంగంగా దేవుడే పెట్టాడని పౌలు అంటున్నాడు. ఇక్కడ కూడా ఇచ్చేవాడు దేవుడే.

'హిలాస్తేరియోన్' అనే ఆ మాటకు దేవుడి కోపాన్ని చల్లార్చడమని అర్థమా, పాపాన్ని తుడిచివేయడమని అర్థమా అని ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద వాదం నడిచింది. బ్రిటిష్ పండితుడు సి. హెచ్. డాడ్ తుడిచివేయడమే అన్నాడు, ఆస్ట్రేలియా పండితుడు లియోన్ మోరిస్ కోపాన్ని పక్కన పెట్టలేమన్నాడు. లేవీయకాండం వరకు డాడ్ వైపే మొగ్గుతాను. కానీ రోమా పత్రిక దేవుని కోపం బయలుపరచబడుతోందని 1:18లో మొదలై రెండు అధ్యాయాలు ఆ విషయమే మాట్లాడి 3:25కు వస్తుంది. ఆ కోపం ఏమైందో చెప్పకుండా పౌలు ముందుకు వెళ్లాడనడం నాకు నమ్మబుద్ధి కాదు.

హెబ్రీయులకు రాసిన పత్రిక మొత్తం యోం కిప్పూర్ మీద కట్టిన వాదం. అందులో ఎక్కువమంది గమనించనిది ఒకటుంది. ప్రధానయాజకుడు చేసే పనిలో వధ బయట ఆవరణంలో జరుగుతుంది. పని పూర్తయ్యేది అతడు రక్తంతో లోపలికి ప్రవేశించినప్పుడు. ఈ పత్రిక కూడా సిలువ దగ్గర ఆగదు. క్రీస్తు పరలోకంలోని పరిశుద్ధస్థలంలోకి ఒక్కసారే ప్రవేశించాడన్న దాని మీద బరువంతా వేస్తుంది. ఈ పద్ధతిలో చదివితే పునరుత్థానమూ ఆరోహణమూ ప్రాయశ్చిత్తానికి అనుబంధాలు కావు, అందులో భాగాలు. అదే పత్రిక ఎడ్ల, మేకల రక్తం పాపాలను తీసివేయడం అసాధ్యమని కూడా అంటుంది. బలులు మోసమని దాని ఉద్దేశం కాదు. ఏటేటా తిరిగి చేయవలసి రావడమే అవి మనస్సాక్షిని పూర్తిగా శుద్ధి చేయలేవనడానికి గుర్తని వాదిస్తుంది. యూదు పాఠకులు ఈ వాదాన్ని ఒప్పుకోరు. ఇల్లు రోజూ ఊడ్చినంత మాత్రాన చీపురు పనిచేయలేదనలేం కదా అని వారు అడగవచ్చు, ఆ ప్రశ్నలో బలముంది.

మరి ఒకరి బదులు ఒకరు శిక్ష భరించడం ఎక్కడిది? యెషయా 53లోది. మన అతిక్రమాలను బట్టి అతడు గాయపరచబడ్డాడు, మన సమాధానార్థమైన శిక్ష అతనిమీద పడింది. అక్కడ ఉన్నది జంతువు కాదు, బాధపడుతున్న సేవకుడు. పదో వచనంలో అతని ప్రాణాన్ని 'ఆషాం', అంటే అపరాధపరిహారార్థబలి అనడంతో బలిభాషా బదులు నిలబడే భాషా మొదటిసారి ఒకచోట కలిశాయి. ఆ సేవకుడు ఇశ్రాయేలు జనమేనని యూదు వ్యాఖ్యాతల్లో ఎక్కువమంది అంటారు. తొలి క్రైస్తవులు అందులో యేసును చూశారు. కాబట్టి మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఇది: సిలువలో బదులు నిలబడడం లేదని నేను అనను, అది కొత్త నిబంధనలో గట్టిగానే ఉంది. కానీ దాని ఆధారం యెషయా 53, విడిచిపెట్టే మేక. మిగతా బలులను కూడా ఆ మూసలోకి కొట్టి దించితే శుద్ధి, విడుదల, నిబంధన, సహభోజనం అన్నీ పోయి ఒక్క న్యాయస్థానమే మిగులుతుంది. పైగా కోపిష్టి తండ్రి, దయగల కుమారుడు అని ఇద్దరిని విడదీసే ప్రసంగం లేవీయకాండానికీ పౌలుకూ రెంటికీ ఎదురు. దేవుడే క్రీస్తులో ఉండి లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడని పౌలు మాట.

సంఘచరిత్రలో కూడా ఒక్క వివరణ మీదే అందరూ నిలబడలేదు. తొలి శతాబ్దాల్లో చాలామంది సిలువను సాతాను చెరనుంచి విడిపించే క్రయధనంగా చూశారు. మధ్యయుగపు వేదాంతి ఆన్సెల్మ్ 1098లో దేవుడి ఘనతకు చెల్లించవలసిన రుణంగా వివరించాడు. ఆ వివరణలో ఆయన కాలపు జమీందారీ మర్యాదల వాసన ఉంటుంది. ఆయన తర్వాత వచ్చిన వేదాంతి ఆబెలార్డ్ మన హృదయాలను కరిగించే ప్రేమను ముందుకు తెచ్చాడు. శిక్షనూ న్యాయస్థానాన్నీ కేంద్రంలో నిలబెట్టింది పదహారో శతాబ్దపు సంస్కర్తలు, ముఖ్యంగా కాల్విన్. మన తెలుగు సంఘాల్లో ఎక్కువ భాగం మిషనరీల ద్వారా ఆ పాయలోనివి కాబట్టి మనకు అదొక్కటే బైబిలు బోధలా వినిపిస్తుంది. నాలుగో శతాబ్దంలో సంఘం కూర్చిన నీకయ విశ్వాసప్రమాణం మాత్రం మన కోసం, మన రక్షణ కోసం అని చెప్పి, ఎలాగో వివరించకుండా ఊరుకుంది.

ఇక యూదుల సంగతి. క్రీ.శ. 70లో రోమా సైన్యం ఆలయాన్ని కాల్చాక బలులు ఆగిపోయాయి. శిథిలాలను చూసి ఏడుస్తున్న శిష్యుడితో, మనకు అంతటి ప్రాయశ్చిత్తం మరొకటి ఉంది, అది దయగల పనులు అని రబ్బీ యోహానాన్ బెన్ జక్కాయ్ చెప్పి, 'బలిని కాదు, కనికరాన్నే కోరుతున్నాను' అన్న హోషేయ 6:6ను చూపాడని వారి సంప్రదాయం. విచిత్రమేమంటే అదే వచనాన్ని యేసు మత్తయి సువార్తలో రెండుసార్లు ఎత్తి చూపాడు. పశ్చాత్తాపం, ప్రార్థన, దానధర్మం ఇవి యూదులకు ఆలయం పోయాక కనిపెట్టిన ప్రత్యామ్నాయాలు కావు. బబులోను చెరలో కూడా ఆలయం లేదు, యోనా ప్రవక్త హెచ్చరించిన నీనెవె పట్టణం ఒక్క మేకను కూడా కోయకుండానే క్షమాపణ పొందింది, ఆ యోనా గ్రంథాన్నే ఇప్పటికీ యోం కిప్పూర్ మధ్యాహ్నం సమాజమందిరాల్లో చదువుతారు. రక్తంతో తప్ప ప్రాయశ్చిత్తం లేదని తల్మూదే అంటోంది కదా అని కొందరు మన పుస్తకాల్లో రాస్తారు. ఆ వాక్యం ఉంది, కానీ దాని సందర్భం వేరు: ఒక బలిలోని క్రియల్లో, చెయ్యి ఉంచడం మరిచిపోతే బలి చెల్లుతుందా, ఏ క్రియతో ప్రాయశ్చిత్తం జరుగుతుంది అన్న చర్చలో వచ్చిన మాట అది. బలి తప్ప వేరే దారి లేదని చెప్పడానికి కాదు.

చివరిగా, సిలువ జరిగిన మరునాడే క్రైస్తవులు బలులను విడిచిపెట్టారని మీరు రాసిన మాటను ఒకసారి అపొస్తలుల కార్యములు 21తో సరిచూసుకోండి. కరుణాధారం గురించి రోమా విశ్వాసులకు రాసిన తర్వాత పౌలు యెరూషలేముకు వచ్చాడు. అక్కడ మొక్కు ఉన్న నలుగురు మనుషులకు అయ్యే ఖర్చు తానే పెట్టుకుని, వారితో కలిసి శుద్ధి చేసుకుని ఆలయంలోకి వెళ్లాడు. నాజీరు మొక్కుబడి (కొంతకాలం తనను దేవుడికి ప్రత్యేకించుకునే మొక్కు) ముగింపుకు సంఖ్యాకాండం 6 ప్రకారం ఒక్కొక్కరు దహనబలికి ఏడాది మగ గొర్రెపిల్లను, సమాధానబలికి పొట్టేలును, పాపపరిహారార్థబలికి ఏడాది ఆడ గొర్రెపిల్లను తేవాలి. వాటి ఖరీదు ఇవ్వడానికి ఒప్పుకున్నది 'మన పస్కా పశువు క్రీస్తే' అని రాసిన మనిషే. ఏడు రోజులు కావస్తుండగా గుంపు అతన్ని పట్టుకుని ఆలయం బయటికి ఈడ్చింది, తలుపులు మూసేశారు. ఆ గొర్రెపిల్లలు ఏమయ్యాయో ఆ గ్రంథం రాసిన లూకా చెప్పడు.